పన్నుకు కిరాయి లెక్క, కిరాయి ఇంటికి లెక్కలేదు

ఇంటి పన్నుకు మన చట్టం ఎంచుకున్న కొలబద్ద కిరాయి. ఇల్లు కిరాయికిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా కట్టి, అందులో ఇంత శాతమని పన్ను వేస్తారు. సొంతిల్లు కట్టుకుని అందులోనే ఉంటున్నవాళ్లకూ ఇదే పద్ధతి. అంటే సిద్దిపేట మున్సిపాలిటీకి వచ్చే ఇంటి పన్నులో దాదాపు ప్రతి రూపాయీ ఊహించిన కిరాయి మీద వేసిందే. అదే ఊళ్లో నిజంగా కిరాయికిచ్చే ఇంటికి మాత్రం లైసెన్సు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఏడాదికోసారి వచ్చి వైరింగు ఎట్లా ఉంది, బాత్రూం తలుపుకు గడియ ఉందా అని చూసే అధికారీ లేడు. దుకాణాల సంగతి వేరు. అక్కడ లైసెన్సు ఉంది, ఫీజు ఉంది, ఆలస్యమైతే జరిమానా ఉంది. చెప్పులు అమ్మే షట్టర్‌కు ఉన్న నిఘా, నలుగురు మనుషులు పడుకునే గదికి లేదు.

ఈ ప్రశ్న సిద్దిపేటలో ఇప్పుడు తీసుకురావడానికి కారణం ఉంది. 1952లో మున్సిపాలిటీ అయిన ఈ ఊరు చాలాకాలం మెదక్ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. కిరాయి ఇళ్లకు ఇప్పుడున్నంత గిరాకీ ఉండేది కాదు. 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది, పోలీసు కమిషనరేట్ వచ్చింది. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. 2021లో దుద్దెడ దగ్గర సమీకృత కలెక్టరేట్ మొదలైంది. 2023 అక్టోబర్‌లో సికింద్రాబాద్ నుంచి రైలు కూడా వచ్చేసింది. పాత బస్టాండు చుట్టూ ఉన్న ఊరు రాజీవ్ రహదారి దాకా పాకింది. రంగధాంపల్లి, నర్సాపూర్ లాంటి పక్క పల్లెలు పట్టణంలో కలిసిపోయాయి. వార్డులు 43 అయ్యాయి.

ఈ మార్పంతా ముందుగా కనిపించేది ఇళ్ల మీద వేలాడే టు-లెట్ బోర్డుల్లోనే. కింద ఓనర్, మొదటి అంతస్తులో రెండు పోర్షన్లు, డాబా మీద రేకుల గది. ఆ రేకుల గదికి ఎండాకాలంలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే లోపల కూర్చోలేరు. మెట్ల కింద ఉన్న లెట్రిన్‌ను రెండు కుటుంబాలు వాడుకుంటాయి. సబ్ మీటర్ రీడింగ్ ఓనర్ చెప్పిందే. నల్లా వచ్చే గంట తెలుసుకుని మోటరు వేసుకోవాలి. వీటిలో ఒక్కటి కూడా మున్సిపల్ కాగితం మీదికి ఎక్కదు. ఇల్లు అడగడానికి పోయినవాళ్లకు ముందుగా ఎదురయ్యేది "మీరేమిటోళ్లు?" అన్న ప్రశ్న. దానికి ఇచ్చే జవాబును బట్టి ఆ గది ఖాళీగా ఉన్నట్టో, నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చినట్టో తేలుతుంది.

కిరాయిని చట్టం ఎప్పుడూ పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. హైదరాబాద్ రాష్ట్రంలో 1954లోనే ఇళ్ల కిరాయి నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం దాని స్థానంలో నిలిచింది. తెలంగాణలో నేటికీ అమల్లో ఉన్నది అదే. చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఇల్లు ఖాళీ అయిన పది రోజుల్లోగా ఓనర్ ఆ సంగతి అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. నెల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. కిరాయిదారు వాడుకుంటున్న నీళ్లు, కరెంటు లాంటి వసతులు తెంపకూడదు. న్యాయమైన కిరాయి ఎంతో తేల్చమని ఇద్దరిలో ఎవరైనా రెంట్ కంట్రోలర్‌ను అడగవచ్చు. కిరాయి ఇళ్ల రిజిస్టరు అన్న ఆలోచన ఏ అమెరికా నుంచో తెచ్చుకోవాల్సిన పని లేదు, మన పాత చట్టంలో దాని మొలక ఉంది.

ఆ చట్టాన్ని నీరుగార్చింది కోర్టులు కావు, ఒక చిన్న అంకె. 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలకు ఈ చట్టం వర్తించదు. సిద్దిపేట కార్పొరేషన్ కాదు కాబట్టి ఇక్కడ గీత 2,000 దగ్గర. ఇవాళ ఈ పట్టణంలో ఆ ధరకు రెండు గదుల ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? గీతను ఇరవై ఏళ్లుగా కదపకుండా వదిలేయడంతో చట్టం పుస్తకంలో ఉంది, ఇళ్లన్నీ దాని బయట ఉన్నాయి. బయట ఉన్నవాళ్లకు మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సివిల్ కోర్టు. ఆ పాత చట్టంలోనూ ఒక మంచి సంగతి ఉంది. ఓనర్ చేయాల్సిన మరమ్మతు చేయకపోతే, నోటీసిచ్చి సమంజసమైన గడువు చూసి, కిరాయిదారే చేయించుకుని ఆ ఖర్చు కిరాయిలో కోసుకోవచ్చు. ఎంతమంది కోసుకుంటారన్నది వేరే ప్రశ్న. అగ్రిమెంట్ పదకొండు నెలలకే రాసుకుంటారు, ఎందుకంటే ఏడాది దాటితేనే లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదన్నది అందరి లెక్క. ఆ పదకొండు నెలల కాగితం కూడా లేకుండా నోటిమాట మీద నడిచే ఇళ్లే ఎక్కువ. కోసుకుంటానన్న మరునాడే "మా బిడ్డ వస్తున్నది, ఇల్లు ఖాళీ చేయండి" అన్న మాట వస్తుంది.

కిరాయి నియంత్రణకూ ఇంటి పన్నుకూ ఒకప్పుడు నేరుగా ముడి ఉండేది. 1979 చివర్లో దివాన్ దౌలత్ రాయ్ కపూర్ కేసులో సుప్రీంకోర్టు, కిరాయి చట్టం నిర్ణయించే ప్రామాణిక కిరాయిని మించి మున్సిపాలిటీ ఇంటి విలువ కట్టడానికి వీల్లేదని చెప్పింది. న్యాయంగా బాగానే ఉన్నా దేశమంతటా పట్టణాల ఆదాయం అక్కడే గడ్డకట్టింది. దాన్ని తప్పించుకోవడానికి రాష్ట్రాలు కొత్త దారులు వెతికాయి. 1993లో పాట్నా పద్ధతి అని పేరుపడ్డ విస్తీర్ణం లెక్క అందరికీ తెలిసింది గానీ, అంతకు ముందే 1990లో ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల పన్ను నిర్ధారణ నియమాలు అదే తోవ పట్టాయి. నిజంగా ఎంత కిరాయి వస్తోందని అడగడం మానేసి, పట్టణాన్ని జోన్లుగా విడగొట్టి, జోన్‌కు చదరపు మీటరుకు నెలకు ఇంత అని ధర కట్టారు. రోడ్డు, నల్లా, మోరీ, వీధిదీపం, బడి, బజారు ఎంత దగ్గరగా ఉంటే జోన్ అంత పైది. ఆర్‌సీసీ స్లాబా, మంగళూరు పెంకా, రేకులా, గుడిసా అని కట్టడాన్ని బట్టి ధర మారుతుంది. నివాసమా, వ్యాపారమా అన్నదాన్ని బట్టి మళ్లీ మారుతుంది. బిల్ కలెక్టర్‌కు టేపు చాలు, ఇంటివాళ్లను కిరాయి ఎంతని అడగాల్సిన పని తప్పింది. అవినీతి కొంత తగ్గించిన పద్ధతి ఇదని ఒప్పుకోవాలి.

అయితే అందులో ఒక ముల్లు ఉండిపోయింది. 1965 మున్సిపాలిటీల చట్టం నుంచి వచ్చిన లెక్కలో ఇంటి వయసును బట్టి తగ్గింపు ఉంది. పాతికేళ్ల లోపు ఇంటికి 10 శాతం, నలభై ఏళ్ల లోపు ఇంటికి 20, ఆపైన 30. ఓనరే నివాసముంటే వయసు తగ్గింపుతో కలిపి మొత్తం 40 శాతం. మాట వరసకు ఒక లెక్క వేద్దాం. వంద చదరపు మీటర్ల కొత్త ఇల్లు, మీటరుకు నెలకు 20 రూపాయలు అనుకుంటే ఏడాది కిరాయి విలువ 24,000. కిరాయికిస్తే 10 శాతం పోను 21,600 మీద పన్ను. ఓనర్ ఉంటే 14,400 మీద. పన్ను నాలుగో వంతు అనుకుంటే మొదటిదానికి 5,400, రెండోదానికి 3,600. తేడా ఏడాదికి 1,800, నెలకు 150 రూపాయలు. ఆ 150 రూపాయల కోసం కిరాయిదారు కాగితం మీద మాయమవుతాడు. ఇల్లు ఓనర్ నివాసంగానే రికార్డులో ఉండిపోతుంది. రసీదు ఇస్తే సాక్ష్యమవుతుందని రసీదు ఇవ్వరు. రసీదు లేనివాడు అడ్వాన్స్ తిరిగి రాకపోతే ఏం పట్టుకుని పోవాలి? గ్యాస్ కనెక్షన్‌కు, పిల్లల బడికి చిరునామా రుజువు కావాలి, ఉద్యోగి అయితే ఆదాయపు పన్నులో ఇంటి కిరాయి మినహాయింపుకు రసీదు కావాలి. ఓనర్లను దొంగలనడం నా ఉద్దేశం కాదు. నిజం చెప్పినవాడికి పన్ను పెంచి, దాచినవాడికి తగ్గించే నియమం ఎవరినైనా ఇలాగే మారుస్తుంది.

2019లో వచ్చిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టం దీన్ని స్వీయ ధ్రువీకరణ మీదికి నెట్టింది. ఇంటి కొలత, వాడకం యజమానే ప్రకటించాలి. అబద్ధమని తేలితే తక్కువ కట్టిన పన్నుకు 25 రెట్లు జరిమానా. 75 చదరపు గజాల లోపు స్థలంలో పేదలు కట్టుకున్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, పన్ను ఏడాదికి 100 రూపాయలే. ఇది మంచి పని. 2020 నవంబర్‌లో మొదలైన టీఎస్ బీపాస్‌తో అనుమతులు ఫోన్‌లోకి వచ్చాయి. భువన్ మ్యాపుల సాయంతో ఇళ్లను ఉపగ్రహ చిత్రాలకు జతచేసి, కొలత దాచినవాటిని పట్టుకునే పని సాగింది. పైనుంచి చూసే కెమెరాకు డాబా మీద కొత్తగా వేసిన గది కనబడుతుంది. ఆ గదిలో ఎవరున్నారో, అందులో కిటికీ ఉందో లేదో కనబడదు. 25 రెట్ల జరిమానా సంగతికొస్తే, అంత పెద్ద కర్ర చేతిలో ఉన్నవాడు దాన్ని ఎత్తలేడని అందరికీ తెలుసు. ఏప్రిల్ నెలాఖరులోగా మొత్తం కడితే 5 శాతం తగ్గింపు, గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ అన్నవే జనం పట్టించుకునే అంకెలు. అదీ అప్పుడప్పుడూ ప్రభుత్వం 90 శాతం వడ్డీ మాఫీ ప్రకటించేదాకా.

మరి కిరాయి ఇళ్లను తనిఖీ చేసేవాళ్లు ఎవరూ లేరా అంటే, ఉన్నారు. పోలీసులు. తెల్లవారుజామున కాలనీని చుట్టుముట్టి కార్డన్ సెర్చ్ చేస్తారు. ఆధార్ చూస్తారు, కాగితాలు లేని బైకులు పట్టుకుపోతారు, కిరాయికిచ్చేముందు మనిషి వివరాలు తీసుకోవాలని ఓనర్లకు చెబుతారు. అక్కడ తనిఖీ మనిషికి జరుగుతుంది. ఇల్లు ఎట్లా ఉందన్నది వాళ్ల పని కాదు. డబుల్ బెడ్‌రూం ఇళ్ల దగ్గర ఇంకో రకం తనిఖీ. నర్సాపూర్‌లో 2020 డిసెంబర్ 10న అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించిన కేసీఆర్ నగర్‌లో 2,460 ఇళ్లున్నాయి. ఇలాంటి ఇళ్లను అమ్మకూడదు, కిరాయికివ్వకూడదు అన్నది నిబంధన. కాబట్టి రాష్ట్రంలో ఇటువంటి కాలనీలకు అధికారులు వెళ్లినప్పుడు వెతికేది తలుపు తీసిన మనిషి లబ్ధిదారా కాదా అని. అంటే ప్రభుత్వం కిరాయిదారును చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ అనుమానంతోనే వచ్చింది.

ఒక్కసారి మాత్రం వేరే ముఖంతో వచ్చింది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు కరెంటుకు జీరో బిల్లు మొదలైనప్పుడు, కిరాయిదారులకూ అది వర్తిస్తుందని ప్రభుత్వం చెప్పింది. రేషన్ కార్డునూ మీటరు నంబరునూ జతచేసుకోవాలి. కిరాయిదారు తన పేరు మీద ఒక మీటరుకు లెక్కకు రావడం చాలామందికి అదే మొదలు. లాభం ఉన్నచోట దాక్కునేవాళ్లు ఉండరని ఆ పథకం చూపించింది.

బయట దేశాల్లో ఇదే ప్రశ్నను రెండు కొసల నుంచి తేల్చుకున్నారు. ఇంగ్లండ్‌లో 2004 గృహ చట్టం ప్రకారం, వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేదా అంతకు మించి వంటగదీ బాత్రూమూ పంచుకుని ఉండే ఇంటికి లైసెన్సు కావాలి. పెద్దవాళ్లు ఒక్కరే పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు తగ్గకూడదు. చదువుకోను పోయిన మన పిల్లలు ఎందరో ఉండేది ఇటువంటి ఇళ్లలోనే. మన జాతీయ భవన నియమావళిలోనూ నివాస గదికి 9.5 చదరపు మీటర్ల కొలత ఉంది, కానీ అది కట్టేటప్పుడు ప్లాన్‌లో చూసే కొలతే. అమెరికాలో చాలా నగరాల్లో కిరాయి ఇంటికి రిజిస్ట్రేషన్, నిర్ణీత కాలానికోసారి తనిఖీ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లో 1998 నుంచి ఇది ఒక క్రమంగా నడుస్తోంది. అక్కడ దీనికి హద్దు కూడా గీశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కిరాయిదారు వారెంటు లేకుండా వచ్చిన హౌసింగ్ ఇన్‌స్పెక్టర్‌ను లోపలికి రానివ్వనన్నాడు. 1967లో కమారా కేసులో అమెరికా సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. ఇంటి భద్రత కోసం వచ్చినవాడైనా సరే, ఉంటున్నవాడి అనుమతో వారెంటో లేకుండా గడప దాటకూడదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో మన సుప్రీంకోర్టు చెప్పాక, ఇక్కడ తనిఖీ పెట్టాలనుకునేవాళ్లు ముందు చదవాల్సిన తీర్పు అది.

ఇక దుకాణాల వైపు. షట్టర్‌కు ఇంటి పన్ను వాణిజ్య ధరలో పడుతుంది. దానిమీద రోడ్డు వెడల్పు, షాపు విస్తీర్ణాన్ని బట్టి ట్రేడ్ లైసెన్సు ఫీజు. వృత్తి పన్ను ఏడాదికి 2,500కు మించకూడదని రాజ్యాంగమే గీత గీసింది, అది రాష్ట్రానికి పోతుంది. జీఎస్టీ వచ్చినప్పుడు 101వ సవరణ ప్రవేశ పన్నునూ ప్రకటనల పన్నునూ రాష్ట్ర జాబితా నుంచి తీసేసింది. మున్సిపాలిటీల చేతిలో ముఖ్యంగా మిగిలినవి ఇల్లూ, స్థలమూ, లైసెన్సూ. 2024 అక్టోబర్ 10 నుంచి ఇంకో సంగతి. ఓనర్‌కు జీఎస్టీ నంబరు లేకుండా, షాపు కిరాయికి తీసుకున్న వ్యాపారికి ఉంటే, కిరాయి మీద 18 శాతం అతనే కట్టాలి. కాంపొజిషన్ స్కీంలో ఉన్నవాళ్లకు తర్వాత మినహాయింపు ఇచ్చారు. దాంతో వ్యాపార కిరాయి ఎంతో ఢిల్లీకి తెలుస్తోంది, ఊళ్లో ఉన్న మున్సిపల్ ఆఫీసుకు తెలియాల్సిన అవసరం లేదు.

అమెరికా రాష్ట్రాల్లో ఉన్న వ్యాపార చరాస్తి పన్ను మనకు లేదు. టెక్సాస్‌లో హోటలో క్లినిక్కో పెట్టుకున్నవాళ్లు ఏటా ఏప్రిల్ 15లోగా టేబుళ్లు, ఫ్రిజ్‌లు, కంప్యూటర్లు, సరుకు విలువ రాసి, ఆస్తుల విలువ కట్టే అప్రైజల్ జిల్లా ఆఫీసుకు ఇవ్వాలి. చిన్నవాళ్లకు అది తలనొప్పే అని ఆ రాష్ట్రమూ ఒప్పుకుంది. 2025 నవంబర్‌లో ఓటర్లు మినహాయింపును 2,500 డాలర్ల నుంచి 1,25,000 డాలర్లకు పెంచారు. మనదగ్గర గోడలకే పన్ను. గోడలు లేకపోయినా పన్ను పడ్డవాటిలో సెల్ టవర్ ఒకటి. భూమికి పాతుకున్న టవర్ కూడా భవనం లాంటిదేనని, దానిమీద ఆస్తి పన్ను వేయవచ్చని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడితో ఆగడమే మేలని నా అభిప్రాయం. సరుకు మీదా సామాను మీదా పన్ను మొదలుపెడితే ముందు లెక్కకొచ్చేది పెద్ద షోరూములు కావు, ఇంట్లోనే గుంతమగ్గం పెట్టుకుని గొల్లభామ చీర నేసే మనిషి.

కాబట్టి సరిచేయాల్సింది దుకాణాన్ని కాదు, కిరాయి ఇంటిని. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా కిరాయి చట్టం ఒక దారి. నివాసానికి అడ్వాన్స్ రెండు నెలలకు మించదు, ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, ఒప్పందం రెండు నెలల్లోగా కిరాయి అధికారికి తెలపాలి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆ వైపు చట్టాలు మార్చుకున్నాయి. తెలంగాణలో ఇంకా 1960 చట్టమే. ఆ చట్టం ఉంటే ఉండనీ, 2,000 రూపాయల గీతను తుడిచినా సగం పని అవుతుంది.

తనిఖీ అంటే భయపడేవాళ్ల మాట కూడా వినాలి. ఇన్‌స్పెక్టర్ వస్తే మామూళ్లు మొదలవుతాయి, ఆ ఖర్చు కిరాయిలో కలుస్తుంది, రేకుల గది పనికిరాదని రాస్తే అందులో ఉన్నవాళ్లు రోడ్డున పడతారు. ఇవి ఊరికే వచ్చిన భయాలు కావు. అందుకే రిజిస్టరు ముందు, తనిఖీ తర్వాత. కిరాయికిచ్చానని చెప్పినందుకు 40 శాతం రాయితీ పోకూడదు. చెప్పినవాడికే అది ఉండాలి, దాచినవాడికి పోవాలి. తనిఖీ అందరి మీదా కాకుండా కిరాయిదారు అడిగినప్పుడు, నోటీసుతో, పగటిపూట, వైరింగు, నీళ్లు, లెట్రిన్, గాలి అన్న నాలుగింటికే జరగాలి. లోపముంటే గడువిచ్చి బాగుచేయించాలి, ఖాళీ చేయించకూడదు. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లకు ఇంటి పన్ను కనీస ధరలు ప్రకటించాలని షరతు పెట్టినప్పుడు రాష్ట్రాలు కదిలాయి. కిరాయి ఇళ్ల రిజిస్టరుకూ అలాంటి షరతే పెడితే కదలకపోవు.

అంతవరకు సిద్దిపేట ఓనర్లు, కిరాయిదారులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఓనర్లు తమ ఇంటి అసెస్‌మెంట్ వివరాలు ఆన్‌లైన్‌లో తెరిచి, కొలతా వాడకమూ నిజంగా ఉన్నట్టే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోవాలి. కిరాయిదారులు నోటిమాటతో ఆగకుండా పదకొండు నెలలకైనా అగ్రిమెంట్ రాయించుకుని, నెలనెలా కిరాయి ఫోన్ ద్వారానో బ్యాంకు ద్వారానో పంపాలి. రేపు అడ్వాన్స్ తగాదా వస్తే పనికొచ్చే సాక్ష్యం అదే.